స్తూపం దాకా రాని జనం

కార్తీక సోమవారం తెల్లవారుజామున అమరావతిలో కాలు మోపడానికి చోటుండదు. గుంటూరు నుంచి, సత్తెనపల్లి నుంచి, విజయవాడ నుంచి వచ్చిన బస్సులు దిగిన జనం దిగినట్టే కృష్ణ రేవుకు నడుస్తారు. తలస్నానం చేసి, ఒడ్డున దీపాలు వదిలి, తడిబట్టలతోనే అమరేశ్వరుని గుడిమెట్లెక్కుతారు. పంచారామాలలో ఒకటి కనుక మిగిలిన నాలుగూ చూసినవారు దీనిని విడిచిపెట్టరు. దర్శనమయ్యాక చెట్టు నీడ చూసుకొని మూటలు విప్పి భోజనాలు చేస్తారు. మధ్యాహ్నం దాటితే తిరుగు బస్సు.

గుడి నుంచి నడిచి వెళ్ళదగినంత దూరంలోనే మహాచైత్యం వుంది. దాని చెంతనే కేంద్ర పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల వుంది. రేవులో మునిగిన వేలమందిలో అటు తొంగిచూసేవారు ఏ కొద్దిమందో. వచ్చినా, పచ్చిక పెరిగిన గుండ్రని దిబ్బను, దాని చుట్టూ నిలబెట్టిన రాతి పలకలను చూసి, "ఇంతేనా?" అని వెనుదిరుగుతారు. పాతకాలపు వూరివారు దీనిని దీపాలదిన్నె అనేవారు. ఆ పేరులో వున్న ఆకర్షణ శాఖవారి బోర్డులో లేదు.

జనానికి చరిత్ర మీద అభిరుచి లేదని, అందుకే మ్యూజియాలు వెలవెలబోతున్నాయని పెద్దలు తరచు అంటూ వుంటారు. ఈ మాట నిజం కాదు. అది నిజం కాదనడానికి సాక్ష్యం ఈ పలనాడు జిల్లాలోనే వుంది. ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్ళి చూడవచ్చు. పన్నెండవ శతాబ్దంలో జరిగిన పలనాటి యుద్ధంలో చనిపోయిన వీరుల పేరిట రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. వీరాచారవంతులు తాతల నాటి ఆయుధాలను భుజాన పెట్టుకొని వూళ్ళు దాటి వస్తారు. నాగులేరులో వాటికి స్నానం చేయిస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడును తలుచుకొని అన్ని కులాలవారూ ఒకే బంతిలో కూర్చుంటారు. దానికి గోడ మీద పోస్టరు అక్కరలేదు, రేడియో ప్రకటన అక్కరలేదు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ నాటి కథను నిన్న జరిగినట్టు చెప్పుకొంటారు. ఓడినవారి పక్షాన కంటతడి పెడతారు.

ఇటువంటి జనానికి చరిత్ర పట్టదని ఎలా అనగలరు? కారెంపూడి కథలో వారికి వాటా వుంది. అమరావతి కథలో కూడా వారికి వాటా వుంది గాని, వుందని వారికి ఎవరూ చెప్పలేదు. తేడా అక్కడే వుంది.

చెప్పులు కుట్టేవాని పూర్ణఘటం

అమరావతి మహాచైత్యం ఏ ఒక్క రాజో కట్టించింది కాదు. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్ది ప్రాంతం నుంచి కొన్ని వందల ఏళ్ళ పాటు జనం ఇచ్చిన చందాలతో పెరిగింది. ఇచ్చినవారు తమ పేర్లు రాళ్ళ మీద చెక్కించుకున్నారు. గృహస్థులున్నారు, వర్తకులున్నారు, సుగంధద్రవ్యాలు అమ్మేవారున్నారు, భిక్షుణులున్నారు. వారిలో విధికుడనే చర్మకారుడు ఒకడు. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. తల్లితోను, భార్యతోను, అన్నదమ్ములతోను, బిడ్డలతోను కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలకను చైత్యానికి సమర్పించుకున్నాడు.

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్రను అమరావతి శిల్పాల నుంచే తీసుకున్నారు. ధర్మచక్రం నడుమ నిలబడి వున్న కలశం ఆ చర్మకారుడు ఇచ్చిన పూర్ణఘటమే. తహశీల్దారు కచేరీలో ఇచ్చే ధ్రువపత్రం మీద ఆ ముద్ర వుంటుంది. ప్రభుత్వ ఉత్తర్వు మీద వుంటుంది. కుల ధ్రువీకరణ పత్రం మీద కూడా వుంటుంది! రెండు వేల ఏళ్ళ కిందట తోలుపని చేసుకు బతికిన ఒక కుటుంబం ఇచ్చిన కానుక నేడు రాష్ట్రం మొత్తానికి గుర్తు అయింది. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మాదిగవాడల నుంచి పిల్లలు బస్సులు కట్టించుకొని వస్తారు. కాని ఏ పర్యాటక శాఖ కరపత్రంలోనైనా, ఏ బస్టాండు గోడ మీదనైనా విధికుని పేరు పెద్దక్షరాలలో కనిపిస్తుందా?

అలాగే "నాగబు" మాట. తెలుగు అక్షరాలా రాతి మీద కనిపించిన తొలి మాటగా పండితులు చెప్పేది ఇదే. అమరావతి శిలాశకలం మీదిదే. తెలుగు వాచకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు లక్షలలో వుంటారు. అది దొరికిన వూరు గంట ప్రయాణంలో వుందని తెలిసిన గుంటూరు విద్యార్థులు ఎందరు? భాషాదినోత్సవం నాడు పట్నాలలో సభలు పెట్టి శాలువాలు కప్పుకునే బదులు ఒక్క ఏడాదైనా ఆ దిన్నె దగ్గర పిల్లలతో అక్షరాలు దిద్దిస్తే ఖర్చూ తక్కువ, ఫలమూ ఎక్కువ.

ఇక ఆ దిన్నె దిబ్బగా ఎలా మారిందన్నది మరొక కథ. అది కూడా చెప్పదగిందే. పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి కొత్త వూరు కట్టించాడు. కట్టడాలకు రాయి కావలసి వచ్చి మనుషులు దిన్నెను తవ్వారు. ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో తన చిత్రకారులతో వచ్చేటప్పటికి నడుమ కొలను తవ్వివుంది. అతడు గీయించిన బొమ్మలే నేడు అనేక రాళ్ళకు మిగిలిన ఆధారం. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండను వెళ్ళాయి. తర్వాత సెవెల్, బర్జెస్, రే తవ్వారు. వారు బయటపెట్టిన వాటిలో పెద్ద భాగం మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి చేరింది. లండను బ్రిటిష్ మ్యూజియంలో నూరుకు పైగా అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది వుంది. సొంతవూళ్ళో మిగిలింది మిగిలిన దానిలో మిగులు.

అందుకనే 1951లో ఏర్పడిన ఇక్కడి ప్రదర్శనశాలను చూసినవారికి నిరాశ కలగడం సహజం. ఆ నిరాశను దాచిపెట్టడం కంటే బయటపెట్టడమే తెలివైన పని. "ఈ చోట వుండవలసిన రాయి లండనులో వుంది, ఈ చోటిది చెన్నైలో వుంది" అని ఖాళీ జాగాలలో ఫోటోలో, అచ్చుపోసిన నమూనాలో నిలబెట్టి, పక్కన ఎప్పుడు ఎలా వెళ్ళిందో నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే, చూసే మనిషి ఉదాసీనంగా వుండలేడు. కోపం తెచ్చుకుంటాడు, లేదా దుఃఖపడతాడు. ఈ రెండింటిలో ఏదైనా "ఇంతేనా" కంటే మేలు. మదగజం నాళగిరి బుద్ధుని ముందు మోకరిల్లిన ప్రసిద్ధ శిల్పం చెన్నైలో వుంది. వీధిలో జనం చెదరిపోవడం, మేడ మీది ఆడవారు భయంతో ఒదిగిపోవడం, ఏనుగు ఒక పక్క విజృంభించి మరో పక్క తల వంచడం అంతా ఒక్క గుండ్రని రాతిలోనే వుంది. ఇంతకంటే మంచి సినిమా పోస్టరు ఎవరు గీయగలరు? దాని నమూనాను అమరావతి బస్టాండులో నిలబెడితే దారి అడగని ప్రయాణికుడు వుండడు.

ప్రచారం జరగలేదనలేము

ప్రచారం అసలే జరగలేదనడం న్యాయం కాదు. 2006 జనవరిలో దలైలామా వచ్చి కాలచక్ర జరిపినపుడు ప్రపంచం నలుమూలల నుంచి బౌద్ధులు వచ్చారు. ఆ సందర్భంగానే కాలచక్ర మ్యూజియం వెలిసింది. తర్వాత 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం కట్టారు. 2015లో కేంద్ర ప్రభుత్వం వారసత్వ నగరాల పథకానికి దేశంలో పన్నెండు వూళ్ళను ఎంపిక చేస్తే అమరావతి అందులో వుంది. వరంగల్లు కూడా వుంది. ఆ పథకం 2019తో ముగిసింది. అదే 2015లో రాష్ట్ర రాజధానికి ఈ వూరి పేరే పెట్టారు. ఒక పేరుకు ఇంతకంటే ప్రచారం ఏముంటుంది? కాని పేరు మోగిన కొద్దీ పేరు గల వూరు మరుగున పడింది. ఇప్పుడు "అమరావతి వెళ్ళాలి" అంటే సచివాలయానికా అని అడుగుతున్నారు. స్తూపమున్న వూరికి "పాత అమరావతి" అని చెప్పుకోవలసి వస్తున్నది.

ధ్యానబుద్ధుని చూడడానికి జనం వస్తున్నారు. కృష్ణ ఒడ్డున చల్లని గాలి, ఎత్తయిన బొమ్మ, ఫోటోలకు అనువైన మెట్లు. అందులో తప్పులేదు. వచ్చినవారిని అక్కడి నుంచి స్తూపానికి నడిపించే ఏర్పాటు లేకపోవడమే తప్పు. విగ్రహం కొత్తది. దానిని చూసి వెళ్ళిన కుర్రవాడు అమరావతి చూశానని అనుకుంటే, అతనిని తప్పుపట్టి లాభం లేదు. పోస్టరు మీద అతనికి చూపించింది దానినే కదా! ఇదే చిత్రం కృష్ణకు ఎగువన నాగార్జునసాగర్ దగ్గర కూడా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం అక్కడ 274 ఎకరాలలో తీర్చిన బుద్ధవనం 2022 మే నెలలో ప్రారంభమైంది. అందులోని మహాస్తూపానికి నమూనా అమరావతి చైత్యమే. మూలం ఒక జిల్లాలో బోసిపోయి వుంటే, నమూనా ఎదుటి ఒడ్డున కళకళలాడుతుంది. కట్టినవారిని అభినందించవలసిందే. సిగ్గుపడవలసినవారు వేరే వున్నారు.

సంరక్షిత కట్టడాల ముందు పురావస్తు శాఖవారు పాతే నీలి బోర్డు సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దేశమంతా ఒకే పాఠం. ఇది జాతీయ ప్రాముఖ్యం గల కట్టడమని, దీనికి హాని చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని వుంటుంది. చట్టం అవసరమే. అయితే వచ్చిన అతిథికి గుమ్మంలో మొదట చదివించేది శిక్షాస్మృతి అయితే, ఇల్లుగలవారి మర్యాద ఎటువంటిదో చెప్పనక్కరలేదు. ఇక లోపలి రాళ్ళ కింద "సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్ది" వంటి చీటీలు. ఆ రాతిలో ఎవరున్నారు, ఏం జరుగుతున్నది, ఎవరిచ్చారు అన్నది లేకపోతే రాయి రాయిగానే మిగులుతుంది.

లాంచీ కదిలితేనే చరిత్ర

నాగార్జునకొండ సమస్య మరొకటి. అక్కడికి జనం రావాలనుకున్నా రాలేని పరిస్థితి. 1926లో ఈ లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటికే లోయ మునిగిపోతుందని తెలుసు. నీరు వచ్చేలోగా దొరికినంత తవ్వి తీయాలని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు పగలూ రాత్రీ అన్నట్టు పనిచేశారు. తొమ్మిది కట్టడాలను రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, కొండ మీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటిని అనుపు వద్ద నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. లోయ జలాశయం అయింది, కొండ దీవి అయింది. లోయలోని పల్లెలవారు పొలాలూ పుట్రలూ వదులుకొని లేచిపోయారు. వారి మనుమలు ఇప్పటికీ మాచర్ల తాలూకా వూళ్ళలో వున్నారు.

దీవి కనుక లాంచీ తప్ప దారి లేదు. గాలి వీస్తే లాంచీ లేదు. తగినంతమంది రాకపోతే లాంచీ లేదు. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద ఘోరమైన బోటు ప్రమాదం జరిగాక రాష్ట్రమంతటా పర్యాటక బోట్లు చాలాకాలం ఆగిపోయాయి. భద్రత ముందు మరేదీ ఎక్కువ కాదు. దానిని ఎవరూ కాదనరు. కాని లాంచీ నేడు వుందో లేదో మాచర్ల బస్టాండులో తెలియకపోవడానికీ భద్రతకూ సంబంధం లేదు. పిల్లలతో, సద్దిమూటతో విజయపురి సౌత్ దాకా వచ్చి, "ఇవాళ లేదండీ" అనిపించుకొని, ఆనకట్ట చూసి వెనక్కి పోయిన కుటుంబం మళ్ళీ రాదు. చుట్టుపక్కల పది ఇళ్ళకు వద్దని కూడా చెబుతుంది. ఏ శాఖ పెట్టిన ప్రకటనకైనా అంత శక్తి వుండదు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ సంగతి కూడా రేవుకు వచ్చాక తెలియడం కంటే బస్సెక్కక ముందు తెలియడం మేలు.

ఒకసారి కొండ చేరాక చెప్పడానికి కథలకు కొదవ లేదు. ఇక్ష్వాకుల కాలంలో ఈ విజయపురిలో రాజులు అశ్వమేధం చేసి వైదికమార్గంలో నడిస్తే, వారి ఇంటి ఆడవారు బౌద్ధానికి ధర్మాలు చేశారు. మహాచైత్యం పనికి పెద్దదిక్కు చాంతమూల మహారాజు చెల్లెలు చాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం విహారం కట్టించి, ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా దాకా ధర్మం చాటినవారని శాసనంలో రాయించింది. ఒకే ఇంట్లో మొగుడిది ఒక దేవుడు, పెళ్ళానిది మరొక దేవుడు. అయినా కాపురం చెడలేదు. ఈ సంగతి చెబితే వినని ఆడకూతురు పలనాట వుంటుందా? డ్వాక్రా సంఘాలవారు తీర్థయాత్రలకు ఎక్కడెక్కడికో వెళుతున్నారు. చాంతిశ్రీ, బోధిశ్రీల వూరికి వారిని పిలిచిన నాథుడు లేడు.

ఇంతా చేసి కోరవలసినవి గొప్ప ఖర్చు గల పనులు కావు. లేజరు వెలుగులు, రంగుల ఫౌంటెన్లు, స్తూపం చుట్టూ రోప్‌వేలు ఎవరూ అడగడం లేదు, అడగకూడదు కూడా. దిన్నెను తినుబండారాల సంతగా మారిస్తే జనం వస్తారు గాని, వచ్చి చూసేదేమీ మిగలదు. వనభోజనాల ఎంగిలాకులు పలకల మధ్య ఎగురుతుంటే విధికుడు మరొకసారి చస్తాడు. ముందు చెప్పేవారు కావాలి. ఆ వూళ్ళోనే డిగ్రీలు చదివి ఖాళీగా వున్న యువకులు, యువతులు వున్నారు. వారిలో పదిమందికి శాఖవారే నెల రోజులు పాఠం చెప్పి, మెడలో గుర్తింపు కార్డు వేసి, మనిషికింత అని రుసుం నిర్ణయిస్తే వారికి బతుకుతెరువు, వచ్చినవారికి చూపు. కాశీలో, హంపిలో, రామప్పలో జరిగేది ఇదే కదా.

అసలు చిక్కు శాఖల మధ్య వుంది. గుడి దేవాదాయ శాఖది, దిన్నె కేంద్ర పురావస్తు శాఖది, బుద్ధ విగ్రహం పర్యాటక శాఖది, రోడ్డు మరొకరిది, బస్సు ఆర్టీసీది. గుడికి వచ్చిన భక్తుని దిన్నె దాకా పంపించడం వీరిలో ఎవరి ఉద్యోగమూ కాదు. కలెక్టరు ఒకరోజు అందరినీ నర్సరావుపేటలో ఒక బల్ల చుట్టూ కూర్చోబెడితే తెమిలిపోయే పని ఇది. కార్తీక మాసపు ఏర్పాట్లకు ఏటా ఎలాగూ సమావేశం జరుగుతుంది. తాగునీరు, పారిశుద్ధ్యం, గజ ఈతగాళ్ళు, పోలీసు బందోబస్తు అని అంశాలు రాసుకుంటారు. వాటి కింద మరొక వరుస చేర్చుకోవచ్చు: గుడి నుంచి స్తూపానికి దారి బోర్డులు, సోమవారాలలో కథ చెప్పే నలుగురు మనుషులు, పంచాయతీ మైకులో రేవు దగ్గర గంటకొకసారి ఒక ప్రకటన. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే ఆ మైకులోనే విధికుని పేరు కూడా చదవవచ్చు.

కారెంపూడి తిరునాళ్ళ కూడా ఆ నెలాఖరుకే వస్తుంది. అమరావతిలో స్తూపం చూసినవారికి కారెంపూడి బస్సు ఎన్ని గంటలకో, విజయపురి సౌత్‌లో లాంచీ ఏ రోజు కదులుతుందో చెప్పే అరఠావు కరపత్రం ఒకటి తెలుగులో అచ్చువేసి గుడి ప్రసాదం కౌంటరు దగ్గర పెట్టించవచ్చు. పులిహోర పొట్లంతోపాటు అది కూడా చేతిలో పడితే, బస్సులో కూర్చున్నాక చదువుకొంటారు.